గున్నయ్య వాటా

తవిటమ్మ నోటికి భయపడని మనిషి ఆ ఊళ్లో లేడు. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళితే జీడితోటలు అయిపోయి, కొబ్బరితోటలు వచ్చి, అవీ అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. అక్కణ్నుంచి రోజూ చేపల బుట్టతో ఆటో ఎక్కి కాశీబుగ్గ మార్కెట్టుకు పోతుంది తవిటమ్మ. బేరమాడ్డానికి వచ్చినవాళ్లను నాలుగు దులిపి, బుట్ట ఖాళీ చేసుకుని గానీ ఇంటి ముఖం చూడదు. నలభై ఐదేళ్లుగా ఇదే వరస. ఎంతటి మొనగాడినైనా మొహం మీదే కడిగేసే ఆ మనిషి, రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని చంటిబిడ్డలా చంకనేసుకుని తిరుగుతోందంటే ఎవరూ నమ్మరు. నమ్మకూడదనే ఆమె తంటాలన్నీ.

అబద్ధమల్లా ఒక్కటే. మొగుడు గున్నయ్యకు ఏమీ కాలేదని.

గున్నయ్య అల్లాటప్పా మనిషి కాదు మరి. ఆ ఒడ్డున పెద్దవల లాగిన రోజు, పడిన చేపనంతా పోగులు పెట్టి పంచేది ఆయనే. ముప్పై ఏళ్లు పంచాడు. పెద్దవల ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. పడవ మీద వలను లోపలికి తీసుకుపోయి వదిలి వస్తే, రెండు కొసల తాళ్లూ పట్టుకుని పాతికమంది గంటలకొద్దీ లాగాలి. తాడు పట్టిన ప్రతి ఇంటికీ ఒక వాటా. వల సొంతదారుడి, అంటే వలగలాయన వంతు ముందే తీసి పక్కన పెడతారు. మిగిలినదాన్ని గున్నయ్య ఇసుకలో వరసగా పోగులు పెడతాడు. ఒక పోగులో చందువ పడితే పక్కదానిలో అందుకు సరిపడా కానాగంతలు పడాలి, ఆ పక్కదానిలో రెండు దోసిళ్లు నెత్తళ్లు ఎక్కువ పడాలి. కాటా లేదు, తూకం లేదు. కన్ను చూసినట్టు చెయ్యి వేస్తుంది, అంతే.

పోగులయ్యాక ఒక పెద్దమనిషి వాటికి వీపు పెట్టి, సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడతాడు. పంచినవాడు ఏదో ఒక పోగు మీద చెయ్యి వేసి "ఇదెవలికి?" అంటాడు. వీపు తిప్పినవాడు ఒక పేరు చెబుతాడు. ఏ పోగు మీద చెయ్యి ఉందో చెప్పేవాడికి తెలీదు. ఏ పేరు వస్తుందో అడిగేవాడికి తెలీదు. ఇంక నీకు పెద్దది నాకు చిన్నది అని కొట్టుకోవడానికి సందెక్కడ? పేర్లన్నీ అయ్యాక మిగిలిపోయిన ఆఖరి పోగు పంచిన ఇంటిది. గున్నయ్య పోగుల మీద ముప్పై ఏళ్లలో ఒక్క తగువు రాలేదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు కూడా వచ్చి ఆయన్నే కూర్చోబెట్టేవారు. తవిటమ్మకు మొగుడి మీద ప్రేమ ఎంతో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. గర్వం మాత్రం ఆమె నడకలోనే కనిపించేది.

అలాంటి మనిషికి రెండేళ్ల కిందట మొదలైంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, మళ్లీ పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఎప్పుడో పోయిన తన అన్న ఇంకా వేటనుంచి రాలేదేమని సాయంత్రం వేళ గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు యువరాజును ఆ అన్న పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. యువరాజు సెలవు చూసుకుని శ్రీకాకుళం తీసుకెళ్తే, అక్కడి డాక్టరు తలకు ఫొటో తీయించి, ఇది డిమెన్షియా అని, మందులతో పూర్తిగా పోయేది కాదని, ఇంటిల్లిపాదీ ఓపిక పట్టాలని చెప్పాడు. తిరుగు బస్సులో టెక్కలి దాటాక తవిటమ్మ ఒక్కటే మాట అంది, ఈ సంగతి గుమ్మం దాటిందో చంపేస్తానని. కొడుకూ కోడలూ తలూపారు. ఊపక ఏం చేస్తారు?

గుమ్మం దాటకుండా ఆపాల్సింది సంగతిని ఒక్కదాన్నే అయితే బాగుండు. మనిషే గుమ్మం దాటిపోయేవాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి, ఆటో మారి, బస్సెక్కి ఎలా పోయాడో, టెక్కలి పక్కన రావివలసలో తేలాడు. ఎవరి ఇంటి అరుగు మీదో కూర్చుని ఇది మా ఊరే అని వాదిస్తుంటే, ఆ దారిన పోతున్న తమ ఊరి ఆటో కుర్రాడు ఢిల్లీబాబు గుర్తుపట్టి ఫోన్ చేశాడు. తవిటమ్మ పరుగున వెళ్లి, ముందు వాడి నోరు కట్టించింది. దారంతా ఏడ్చిందో లేదో తెలీదు గానీ, ఊళ్లో దిగేసరికి మొహం నిండా పసుపూ బొట్టూ, చేతిలో కొబ్బరిచెక్కలూ. రావివలస గుడిలోని ఎండల మల్లన్నకు మొక్కుంటే వెళ్లాడట, ముందే చెబితే మొక్కు చెడుతుందని చెప్పలేదట. ఇంటింటికీ తిరిగి ప్రసాదం పెట్టింది. ఊరు కళ్లకద్దుకుని తింది.

ఒడ్డు మీద సంగతి ఇంకా కష్టం. పోగులు సమంగా వేయడంలో ఆయన చెయ్యి ఎప్పుడో గానీ తప్పేది కాదు. ఎన్ని వేయాలో లెక్కే పోయింది. అందుకని తవిటమ్మ ఒక ఉపాయం కట్టింది. తాడు పట్టిన ఇళ్లను ముందే లెక్కపెట్టుకుని, బుట్ట కుడిచంకన పెట్టుకుని ఆయనకు ఎదురుగా నిలబడేది. సరిపడా పోగులు పడగానే బుట్టను ఎడమచంకకు మార్చేది. అది చూసి గున్నయ్య ఆగేవాడు. ఒక పోగులో రెండు పెద్దచేపలు పడితే, చీరకుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు వంగి ఒకదాన్ని పక్కకు జరిపేది. రెండేళ్లూ ఇంతే. ఒక్క పురుగుకు తెలీలేదు.

ఇంట్లో మాత్రం కోడలు ఇందు నలిగిపోయింది. పలాసలో జీడిపప్పు బట్టీలో పనికి పోయే పిల్ల, మావను కనిపెట్టుకుని ఉండడానికి అది మానేసింది. పొద్దున్నే అత్త మార్కెట్టుకు, మొగుడు వేటకు పోతే, రోజంతా ఆ మనిషీ ఆమే. లుంగీ తడిపేస్తే మార్చాలి. పొయ్యి మీద చెయ్యి పెట్టకుండా చూడాలి. ఇంత చేసినా, వీధిలో పోయేవాళ్లను పిలిచి ఈ పిల్ల నాకు కూడు పెట్టడం లేదని చెప్పేవాడు. ఇరుగుపొరుగు ఇందును అదోలా చూసేవారు. ఆయనకు జబ్బు అని ఒక్క మాట అంటే తీరిపోయే నింద అది. ఆ మాట అనడానికి లేదు. అత్త పరువు.

అలా నెట్టుకొస్తుంటే మొన్న చలికాలంలో ఒక పొద్దున పెద్దవలలో చేప పోటెత్తినట్టు పడింది. చిన్న చేపలు కవళ్లు గుట్టగా పడ్డాయి, మధ్యమధ్య పెద్ద వంజరాలు. ఇరవై నాలుగు ఇళ్లు తాడు పట్టాయి. గున్నయ్య పోగులు మొదలుపెట్టాడు. ఇరవై నాలుగోది పడగానే తవిటమ్మ బుట్ట మార్చింది. ఆయన ఆగలేదు. ఇరవై ఐదు వేశాడు, ఇరవై ఆరు వేశాడు. ఆమె బుట్టను మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకి మార్చింది. దగ్గింది. గున్నయ్య తలెత్తి, ఆమెను కిందనుంచి పైకి నెమ్మదిగా చూశాడు.

"ఎవలమ్మా నివ్వు?" అన్నాడు మర్యాదగానే. "ఎండలో నిలబడిపోనావు. పంచడం అవ్వనీ, నీకూ నాలుగు సేపలు ఏత్తాను."

నలభై ఐదేళ్ల కాపురం. ఒడ్డంతా విన్నది. అయినా తవిటమ్మ నోరు ఊరుకుంటుందా? ముసలాడికి ఈ వయసులో సరసం ముదిరిందని నవ్వేసింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా నవ్వారు. కానీ గున్నయ్య అప్పటికే పోగులన్నీ కలిపేసి మళ్లీ మొదటినుంచి పెడుతున్నాడు. మళ్లీ ముప్పై దాటాయి. మళ్లీ కలిపేశాడు. ఎండ ఎక్కుతోంది, చేప మెత్తబడుతోంది. జగదీష్ అనే ముప్పై ఏళ్ల కుర్రాడు ఇంక ఆగలేక, నేను పెడతాను లే పెద్దయ్యా అని చేప మీద చెయ్యి వేశాడు. గున్నయ్య ఆ చేతి మీద ఫెడీమని కొట్టి, దొంగ అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ ఒడ్డున ఆ మాట ఎవరూ ఎవర్నీ అనలేదు. ముసలోడికి మతి పోయిందని జగదీష్ అందరి ముందూ అనేశాడు. తవిటమ్మ వాడి ఏడు తరాలనూ ఎత్తి తిట్టింది.

వలగలాయన జనార్దనరావు నెమ్మదస్తుడు. తగువు పెద్దది కానివ్వకుండా ఆ రోజుకు తానే వంగి ఎలాగో పంచాడు. ఆ తరవాత తవిటమ్మను పక్కకు పిలిచి, రేపు వల లాగాక పదిమందిలో కూర్చుని పంచే పని వేరే ఇంటికి అప్పగిద్దామని, గున్నయ్యకు ఇంక విశ్రాంతి ఇద్దామని చెప్పాడు. మంచిగానే చెప్పాడు. ఆమెకు మాత్రం మొగుడి చెయ్యి నరికేస్తామని చెప్పినట్టే వినిపించింది.

ఇంటికొచ్చాక యువరాజు, వరండాకు ఇనుప గ్రిల్ పెట్టించి తాళం వేద్దామన్నాడు. ఇంక ఒడ్డుకు పంపితే రోజూ తల తీసేసినట్టే ఉంటుందన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి, కాదనలేం. తవిటమ్మ సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. ఇన్నాళ్లూ కిమ్మనకుండా ఉన్న ఇందు అప్పుడు లేచి నిలబడింది.

"పరువు నీది, పని నాది అత్తా. రెండేళ్లనుంచి ఇదే నడత్తంది. ఇంక నా వల్ల కాదు," అంది. "మావని లోపలెట్టి తాళమెయ్యడానికి నానొప్పుకోను. ఒడ్డుకెళ్లొచ్చిన రోజే మనిషి నిమ్మళంగా ఉంటాడు, అది సూసేదాన్ని నాను. జబ్బని ఊరికి సెప్పీ. మనూర్లో కిడ్నీ జబ్బు నేని ఇల్లు ఎన్నున్నాయి సెప్పు. నారాయణ తాత వారానికి మూడుసార్లు పలాస ఎల్లి డయాలసిస్ సేయించుకుని వత్తన్నాడు. ఆ ఇంటోలు దాసినారా? ఎవలైనా నవ్వినారా? మరి మనకెందుకత్తా ఈ దాపరికం?"

కోడలు అంత పొడుగు మాట్లాడడం తవిటమ్మ ఎప్పుడూ వినలేదు. నోటికి వచ్చిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. లెక్క తెలియని మనిషి ఒడ్డుకు వెళ్లి ఏం చేస్తాడని మాత్రం అడిగింది. దానికి ఇందు చెప్పిన జవాబు ఆమెను ఇంకా కుదిపేసింది.

"మావకి లెక్క పోనాది గానీ పేర్లు పోనేదు అత్తా. దినమల్లా నాకు పేర్లే సెప్తాడు. ఎవలు ఏ తాడట్టినారు, ఎవలి పక్కన ఎవలు నిలబడినారు, ఎవలి వాటా తరవాత ఎవలిది. ఒక్కటి తప్పడు. సచ్చిపోనోలు, బతికున్నోలు అని తేడా నేదు, అంతే."

నలభై ఐదేళ్లు కాపురం చేసినదానికి తెలియని సంగతి, ఐదేళ్ల కిందట వచ్చిన పిల్లకు తెలిసింది. తవిటమ్మకు సిగ్గేసింది. తాను రెండేళ్లుగా మొగుడి పరువును కాపలా కాసింది గానీ, మొగుడి పక్కన కూర్చున్నది ఈ పిల్ల. ఆ మధ్యాహ్నం ఆమె మార్కెట్టుకు వెళ్లలేదు. అరుగు మీద గున్నయ్య పక్కన కూర్చుంది. ఆయన ఆమెను ఎవరో పొరుగావిడ అనుకున్నాడో ఏమో, బాగా గౌరవంగా పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దు వాలే వరకూ విన్నది.

మర్నాడు వల ఒడ్డుకు వచ్చేసరికి ఊరంతా ముందే చేరింది. చేప కోసం కాదు, ఏం జరుగుతుందో చూడ్డానికి. యువరాజు ఒక చెయ్యి, ఇందు ఒక చెయ్యి పట్టుకుని గున్నయ్యను నడిపించుకొచ్చారు. ఆ రోజు నారాయణ డయాలసిస్ రోజు. పోగులకు వీపు పెట్టి పేర్లు చెప్పే పెద్దమనిషి ఆయనే కాబట్టి, ఆ పనికీ మనిషి లేడు. జనార్దనరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలుపెట్టేలోగా తవిటమ్మ చీరచెంగు నడుముకు దోపి, చేపల గుట్ట ముందుకు వచ్చి నిలబడింది.

"మా ముసిలోడికి మతి జబ్బు," అంది. గొంతు తగ్గించలేదు, మార్కెట్టులో ఎలా పలుకుతుందో అలాగే పలికింది. "రెండేళ్లయింది. సికాకులం డాట్టరు సెప్పినాడు, తగ్గేది కాదని. నానే దాసినాను. రావివలస మొక్కు అబద్దం. మీకెట్టిన కొబ్బరి టెక్కలి బస్టాండులో కొన్నది. మా కోడలు కూడెట్టనేదని ఆయనంటే నమ్మినోలందరూ ఇనండి. ఆ పిల్ల ఈ రెండేళ్లూ తన కడుపు మాడ్సుకుని ఆయనకి తినిపించింది. తప్పు దానిది కాదు, నాది."

ఇందు తల వంచుకుంది. ఇరుగుపొరుగువాళ్లు ఇసుక కేసి చూశారు. తవిటమ్మకు మాత్రం ఛాతీ మీదనుంచి ఏదో బరువు దిగిపోయింది. ఇంత తేలికైన మాటను ఇన్నాళ్లు ఎందుకు మోశానా అనిపించింది. బరువు దిగితే ఆమె అక్కడితో ఆగే మనిషా?

"ఇంకో మాట. ఈ రెండేళ్లూ మీ పోగులు లెక్కేసింది ఆయన కాదు, నాను. తక్కువైన సేప ఎక్కువైన కాడినుంచి జరిపింది నాను. ఎవలింటికి ఒక్క సేప తగ్గిందో ఇప్పుడు సెప్పీండి."

తాడు పట్టిన ఇళ్లవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తగ్గిందని అనడానికి ఎవరికీ నోరు రాలేదు, తగ్గితే కదా. జనార్దనరావు మాత్రం, ఆడమనిషి పోగులు పెట్టడం మన ఒడ్డున లేదని గొణిగాడు. అమ్మడానికి ఆడది కావాలి గానీ పంచడానికి పనికిరాదా అని తవిటమ్మ అడిగింది. రెండేళ్లు పంచాక ఇప్పుడు లేదనడమేమిటని వెనకనుంచి ఉషారాణి అనే విధవరాలు అంది. ఆవిడ ఎప్పుడూ పదిమందిలో నోరెత్తని మనిషి. మిగతా ఆడవాళ్లు అవునన్నారు. జనార్దనరావు ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు.

పిలిచేదెవరని జగదీష్ అడిగాడు. నిన్న చేతి మీద పడిన దెబ్బ వాడింకా మరిచిపోలేదు.

"మీ పెద్దయ్య పిలుత్తాడు," అంది తవిటమ్మ.

మనిషినే గుర్తుపట్టని వాడు ఏం పిలుస్తాడని ఎవరో నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. కొడుకు గున్నయ్యను నీళ్ల అంచుకు తీసుకెళ్లి, ముఖం సముద్రం వైపు తిప్పి నిలబెట్టాడు. తవిటమ్మ వంగి పోగులు పెట్టింది. ఎన్నో ఏళ్లుగా ఆ చేతుల్ని చూసి చూసి, ఆమె చేతికి కూడా ఆ పట్టు వచ్చేసింది. ఇరవై నాలుగు పోగులు ఇసుకలో వరసగా పడ్డాయి. ఇద్దరు ముసలివాళ్లు వరస పొడుగునా నడిచి చూసి, వంక పెట్టలేక వెనక్కి వచ్చారు.

మొదటి పోగు మీద చెయ్యి వేసి "ఇదెవలికి?" అంది. గున్నయ్య పలకలేదు. అల వచ్చి కాళ్లు తడిపి పోయింది. ఇది పోతే ఇంక ఆయనకు ఈ ఒడ్డున చోటు లేదు, గ్రిల్ లోపలే ఆయన బతుకు. మళ్లీ గట్టిగా అడిగింది. గున్నయ్య వంగిన వీపు నెమ్మదిగా నిటారైంది.

"పోలారావుకి."

పోలారావు జగదీష్ తండ్రి. కిడ్నీలు పాడై చనిపోయి ఎనిమిదేళ్లయింది. జనంలో గుసగుస లేచింది, చచ్చినవాళ్లకు వాటాలేమిటని. తవిటమ్మ చెయ్యి తియ్యలేదు. పోలారావు ఇంటివాళ్లు ఎవరని అడిగింది. జగదీష్ కదల్లేదు. తండ్రి పోయాక ఆ ఒడ్డున ఆ పేరు వినడం వాడికి అదే మొదలు. ఆ తరవాత ముందుకు వచ్చి, భుజం మీది తువ్వాలు ఇసుకలో పరిచి, తన తండ్రి పోగును రెండు చేతులా ఎత్తుకున్నాడు.

అక్కణ్నుంచి గున్నయ్య ఆగలేదు. అప్పలస్వామికి అన్నాడు. తిత్లీ తుఫాను ఏడాది పోయిన అప్పలస్వామి కొడుకులు వచ్చి పట్టుకెళ్లారు. ఎర్రయ్యకి అన్నాడు. మనవడు వచ్చాడు. బైరాగికి అంటే ఉషారాణి కదిలింది, ఆయన ఆమె మామగారు. ప్రతి పేరుకూ ఒక ఇల్లు ఉంది, ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఉన్నారు. ఒక్క పేరు రెండుసార్లు రాలేదు, ఒక్క ఇల్లు తప్పిపోలేదు. నారాయణకి అన్నప్పుడు, ఈయనొక్కడు బతికే ఉన్నాడర్రా అని ఎవరో అంటే ఒడ్డంతా నవ్వింది, నారాయణ పలాస ఆసుపత్రిలో ఉండగా ఆయన పెళ్లాం కూడా నవ్వుతూ వచ్చి పోగు ఎత్తుకుంది. నవ్వినవాళ్లే తరవాతి పేరుకు నోరు మూసుకుని చెవులు రిక్కించారు. తమ తాతల పేర్లు, తండ్రుల పేర్లు వస్తుంటే అందరూ పిలుపు కోసం కాచుకున్నారు. జనార్దనరావు తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. యువరాజు తండ్రి వీపు కేసే చూస్తున్నాడు. గ్రిల్ మాట అతను మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

చివరికి రెండు పోగులు మిగిలాయి. కవిటినుంచి ఇల్లరికం వచ్చిన శ్రీనివాస్ ఒక్కడే ఖాళీ చేతులతో ఉన్నాడు. పాపం వాడి తండ్రెవరో, తాతెవరో గున్నయ్యకు తెలిసే దారి లేదు. తవిటమ్మ భయపడుతూనే అడిగింది. గున్నయ్య కాసేపు తటపటాయించి, "ఆ కవిటోడికి," అన్నాడు. ఒడ్డు గొల్లుమంది. శ్రీనివాస్ అందరికంటే గట్టిగా నవ్వుతూ పోగు ఎత్తుకున్నాడు.

ఆఖరి పోగుకు పిలుపు ఉండదు, అది పంచిన ఇంటిది. తవిటమ్మ బుట్ట దగ్గరికి లాక్కుని, చేపలు అందులోకి ఎత్తబోయింది. జనం కదులుతున్నారు. పని అయిపోయిందని కొడుకు తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. గున్నయ్య వెనక్కి తిరగలేదు.

"ఇంకొకటుండాల," అన్నాడు.

అందరూ ఆగిపోయారు. తవిటమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇది అడగాల్సిన ప్రశ్న కాదని తెలుసు, అయినా ఆ పోగు మీద చెయ్యి వేసి అడిగింది. ఇదెవలికి?

"గున్నయ్యకి," అన్నాడాయన సముద్రం కేసి చూస్తూనే. "ఆడు ఈ మద్దిన ఒడ్డుకి రాట్నేదు. ఒంట్లో బాగున్నట్టు నేదు. రాకపోతే రాకపోనీ, ఆడి వాటా మాత్తరం ఇంటికి అంపించీండి. శానా ఏళ్లు సేసిన మనిషి."

ఇందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జగదీష్ అటు తిరిగిపోయాడు. తవిటమ్మ ఏడవలేదు. అంతమందిలో ఏడ్చే మనిషి కాదు ఆమె, పైగా ఆ క్షణాన ఆమెకు ఏడుపు కంటే గర్వమే ఎక్కువ వచ్చింది. తనను తాను మరిచిపోయిన మనిషి కూడా, తన వాటా ఎవరూ తినెయ్యకుండా న్యాయం చెప్పాడు. ఆమె లేచి నిలబడి, ఊరి పెద్దకు జవాబు చెప్పినట్టు చెప్పింది.

"అలాగే బాబూ. నానే పట్టికెళ్లి ఇత్తాను."

గున్నయ్య తలూపి, అప్పుడు వెనక్కి తిరిగాడు. జగదీష్ వచ్చి బుట్టకు ఒక చెయ్యి వేసి తవిటమ్మ నెత్తిన పెట్టాడు. ఆ రోజు కాశీబుగ్గ ఆటో హారన్ కొట్టి కొట్టి ఆమె కోసం ఆగి, చివరికి వెళ్లిపోయింది. ఆ చేపలు అమ్మేవి కావు. ఇంటి గుమ్మంలో బుట్ట దించి, ఇది మీ మావ వాటా, పులుసు పెట్టు అని ఇందు చేతికి అప్పగించి, తవిటమ్మ అరుగు మీద మొగుడి పక్కన కూర్చుంది.